ఆఖరున పిండాల్సిన గేదె

దోసె రెండో వైపు కాలేలోగా ఒక వాక్యం కోసెయ్యమన్నాడు సిద్ధార్థ. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన పల్లీ చట్నీ గిన్నె, తెర మీద పొదుగువాపు గురించి చెబుతున్న ఎవరో విదేశీ ప్రొఫెసరు.

"చూడు వల్లీ, ఇక్కడ అతని నోరు మూతపడింది. నీ తెలుగేమో ఇంకా నడుస్తూనే ఉంది. 'జబ్బు గేదెను ఆఖరున పిండండి, చేతులు కడుక్కోండి' అంటే ఎక్కడ పడుతుంది? పెదాలకి అతకొద్దూ?"

పుష్పవల్లి అట్లకాడతోనే వచ్చి చూసింది. "అసలు మాట అదేనండీ. కావాలంటే మొదట్లో 'ప్రియమైన రైతు సోదరులారా' తీసెయ్యండి."

"అది తీస్తే ఫీల్ పోతుంది."

"పాలు పిండేది సగం మంది ఆడవాళ్లే. వాళ్లకేం ఫీల్?"

"సరేలే, పెడతాలే. ముందు దోసె చూడు, మాడుతోంది."

మాడింది. దాన్ని తన కంచంలో వేసుకుంది, ఎప్పట్లాగే.

ఫిల్మ్ నగర్‌లో ఆ ఇంటి కింది అంతస్తంతా డబ్బింగ్ స్టూడియో. ఇరవయ్యేళ్లుగా పరభాషా విలన్లకి తెలుగు నేర్పిన గది అది. ఈ మధ్య సినిమాలు తగ్గి, పశుపోషకుల కోసం ఒక సంస్థ చేయిస్తున్న పన్నెండు వీడియో పాఠాలు వచ్చాయి. అనువాదం ఎవరు చేస్తారన్న ప్రశ్నే రాలేదు. గన్నవరంలో పశువైద్యం చదివి, అడ్డం తిరిగిన దూడల్ని భుజందాకా చెయ్యి పెట్టి బయటికి లాగిన మనిషి ఇంట్లోనే ఉంది కదా, కూర తరుగుతూ. పెళ్లయిన కొత్తలో ప్రాక్టీసు పెట్టుకుంటానంటే, "ఫిల్మ్ నగర్‌లో గేదెలెక్కడున్నాయోయ్?" అని నవ్వింది ఈ సిద్ధార్థే. అత్తగారు సీతామహాలక్ష్మి అయితే జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంటి పేరంటంలో "మా కోడలు డాక్టరండీ" అని ఊరుకోక, "ఏం డాక్టరు?" అంటే "స్కిన్" అనేసింది. ఆ నిర్మాత భార్య వెంటనే పట్టుచీర జాకెట్టు చెయ్యి పైకి జరిపి మోచేతి మీద మచ్చ చూపించింది. దూడలకొచ్చే తామర అచ్చం అలాగే ఉంటుంది. మందు పేరు పుష్పవల్లి నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారి కళ్లు చూసి, "పెద్ద డాక్టరుకి చూపించుకోండి" అని గారె కొరుక్కుంది. ఇన్నేళ్లలో ఆమె చదువు ఈ ఇంటికి పనికొచ్చింది ఈ పన్నెండు పాఠాలకే. అదీ పోపు వేగే సందుల్లో.

ఆ సంస్థవాళ్ల ఒప్పందం నాలుగు పేజీలు. చదివిందీ ఆమే. పాఠాల్ని ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. చేసినవాళ్ల పేర్లు చెప్పాలి, ఏం మార్చారో రాయాలి. అంతే. "ఏముంది ఇందులో?" అన్నాడు సిద్ధార్థ. "మంచిదే, సంతకం పెట్టండి" అంది. పాఠాలు బయటికొచ్చాక చూస్తే చివర 'అనువాదం, గళం: సిద్ధార్థ' అని ఉంది. ఇదేంటండీ అంటే, "ఇంట్లో మనిషివి, నీకు విడిగా పేరేంటి? నీదీ నాదీ వేరా?" అన్నాడు. సింకులో గిన్నెలు మాత్రం ఏ రోజూ ఇద్దరివీ కాలేదు. ఆ ఉక్రోషంలో పాఠం మళ్లీ విననైనా వినకుండా షేక్‌పేట రాములుకి పంపించింది. ఆ తప్పు మాత్రం తనదే.

రాములు పాత ఊళ్లో నాలుగు గేదెలతో పాల వ్యాపారం చేస్తాడు. పాలకని వెళ్లి ఆ గేదెల్ని చూసొస్తుంటుంది పుష్పవల్లి. ఆ ఒక్క కొట్టంలోనే ఆమె డాక్టరమ్మ. రెండు వారాల తర్వాత వెళ్తే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాఠంల జూసినట్టే జేసిన డాక్టరమ్మా. పొదుగు వాసిన బర్రెను ముందుగాల పిండిన, నొప్పి తగ్గుతదని. గిప్పుడు పక్కదానికి గూడ వచ్చింది."

"ఆఖరున పిండమని చెప్పలేదా?"

"యాడ జెప్పిండు? సారు గొంతు మస్తుగుంది గని, గా మాటైతే లేదు."

ఫోన్ తీసుకుని అక్కడే విన్నది. ప్రొఫెసరు నోరు మూతపడింది. సిద్ధార్థ గొంతూ సరిగ్గా అక్కడే ఆగింది. ఎంత చక్కగా అతికిందో! 'రైతు సోదరులారా' భద్రంగా ఉంది. ఆమె రెండో గేదె పక్కన గొంతుక్కూర్చుని, తరకలుంటే కనబడేలా నల్లచీర కొంగు పరిచి రెండు ధారలు పిండింది. పెరుగు తరకల్లా పడ్డాయి. ఒక చన్ను రాయిలా ఉంది.

"అది ఇంక పాలిస్తదా అమ్మా?"

"మందు రాస్తాను. ఆ చన్ను సంగతి మాత్రం చెప్పలేను రాములూ."

ఇంటికొచ్చి చెబితే సిద్ధార్థ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నాలుగు మాటలకి ఇంత రాద్ధాంతమా?" అత్తగారు ముక్కు మూసుకుంది. "ముందు ఆ చీర మార్చుకోవే తల్లీ, కంపు. సాయంత్రం నిర్మాతగారి వాళ్లొస్తున్నారు, బజ్జీలకి పిండి కలపాలి."

పుష్పవల్లి చీర మార్చుకోలేదు. పిండీ కలపలేదు. స్టూడియో తాళం తీసుకుని కిందికి దిగింది. ప్రొఫెసరు ముఖం ఉన్న చోటల్లా కొట్టంలో తీసుకొచ్చిన పొదుగు ఫొటోలు పెట్టింది. పొదుగుకి పెదాలుండవు, మాట ఎంత పొడుగైనా పడుతుంది. గేదె అన్నచోట బర్రె అని కూడా కలిపి, మైకు ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా తన గొంతుతో చెప్పింది. ఆఖరున పిండాలన్న మాట రెండుసార్లు చెప్పింది.

తలుపు తీసుకుని సిద్ధార్థ వచ్చాడు. "ఏంటిది? నన్ను ఒక్క మాట అడగక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. ఎవరినీ అడగక్కర్లేదని రాసుంది. సంతకం మీరే పెట్టారు."

"అయితే నా పేరు కొట్టేస్తావా?"

"ముందు చేసినవాళ్ల పేరు ఉంచాలని కూడా రాసుంది. ఉంచాను."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. సంస్థ పేజీలో పాఠం ఎక్కిస్తూ, ఏం మార్చారు అన్న గడిలో 'అసలు మాట తీసేశారు, మళ్లీ పెట్టాను' అని కొట్టింది. అనువాదం, గళం: డాక్టర్ పుష్పవల్లి. ఏం డాక్టరో కూడా రాసింది, పశువైద్యురాలు అని. రైతులు ఎక్కడికి రావాలి అన్న గడి ఒక్కటే మిగిలింది. పైన అత్తగారు పిండి కోసం కేకేస్తోంది. పుష్పవల్లి షేక్‌పేటలో రాములు కొట్టం ఉన్న సందు పేరు రాసి, రోజూ ఉదయం ఏడు నుంచి పది దాకా అని చేర్చింది. ఈ ఇంట్లో దోసెలేసే వేళ అది.