పత్రికలో లేని మాట

"ఊఁ, ఆమేలె?" అన్నాడు శ్రీనివాసప్ప, తరవాతేమిటన్నట్టు.

సుంకన్న పేజీ తిప్పాడు. కంపెనీ బస్సు సిల్కు బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్కులో ఎప్పటిలాగే ఆగిపోయింది. జిగణిలో కంపెనీ చేరేలోపు ఒక్క వ్యాసమైనా పూర్తికావాలి కాబట్టి, బస్సు ఎంతసేపు ఆగినా వాళ్ళిద్దరికీ చింత లేదు.

శ్రీనివాసప్పది తరాల కిందటే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. తెలుగులో అంగడి బోర్డు కనబడితే కూడబలుక్కుంటాడు గానీ పత్రికలోని చిన్న అచ్చు ఆయనవల్ల కాదు. సుంకన్న హిందూపురం వైపు మనిషి. పాత పేపర్ల అంగడిలో వారపత్రికలు ఏరి తెచ్చి ఆయనకు చదివి వినిపిస్తాడు. ఒకనాడు అంగారకుడు, ఇంకొకనాడు కమ్యూనిజం. "ఆ సోషలిజం ఇంకా ఉండాదా, అయిపాయనా?" అని శ్రీనివాసప్ప అడిగితే, పక్కింటి సంబంధం సంగతి చెప్పినట్టు నింపాదిగా వివరిస్తాడు.

మందు సీసాలకు మూతలు చేసే కంపెనీలో ఇద్దరిదీ ఒకటే పని. వెలుతురు బల్ల ముందు కూర్చుని, కదిలే పట్టామీద వస్తున్న మూతల్లో పగిలినవీ వంకరపోయినవీ ఏరేయడం. కొన్ని నెలల కిందట ఆ బల్లమీద కెమెరా బిగించి, ఏది మంచిదో ఏది కాదో దానికి చూపించమన్నారు. చూపించారు. అది నేర్చుకుంది.

ఈరోజు వ్యాసం సరిగ్గా దానిమీదే. యంత్రాలకు చూపు వచ్చాక చూపుతో బతికే పనులు మిగలవనీ, ఏ పార్టీ సిద్ధాంతం దగ్గరా ఇందుకు జవాబు లేదనీ రాశారు. చదువుతూ సుంకన్న పక్కకు చూశాడు. శ్రీనివాసప్ప క్యారియరు సంచిని ఒళ్ళోకి లాక్కుని పట్టుకున్నాడు. నెరిసిన గడ్డం, లోపలికి పోయిన బుగ్గలు. ఆ జీతం తప్ప ఇంట్లో ఇంకొక రాబడి లేదు. సుంకన్నకు జాలేసింది.

"యంత్రానికి పని నేర్పినవాళ్ళను తీసేయకూడదని కొత్త చట్టం వచ్చింది" అని, అక్కడ లేనిది చదివేశాడు.

"చట్టమే వచ్చిందా?"

"వచ్చిందంట."

శ్రీనివాసప్ప వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మంచిపనే చేశాననుకున్నాడు సుంకన్న.

మధ్యాహ్నం అన్నాల దగ్గరికి ఆఫీసు నుంచి గీతాంజలి వచ్చింది. ఏరే బల్లలు ఎత్తేస్తున్నారనీ, ప్యాకింగులో కాంట్రాక్టు పని ఉందనీ, జీతం తక్కువనీ, వచ్చేవాళ్ళు ఇప్పుడే పేరివ్వాలనీ, మిగతావాళ్ళకు ఈరోజే ఆఖరనీ అప్పజెప్పినట్టు చెప్పింది. సుంకన్న చెయ్యి కడుక్కోకుండానే లేచి పేరిచ్చాడు. శ్రీనివాసప్ప లేవలేదు.

"చట్టం ఉండాది మేడం. తీసేసేకి లేదు" అన్నాడు మర్యాదగా.

సుంకన్న ఆయన మోచేయి గుంజాడు. "ముందు పేరియ్యన్నా." ఎందుకో చెప్పాలంటే పొద్దుటి అబద్ధం అందరి ముందూ బయటపెట్టాలి. మళ్ళీ మోచేయే గుంజాడు. గీతాంజలి "సరే అంకుల్" అని వెళ్ళిపోయింది. సాయంత్రం సుంకన్న ధైర్యం చేసి ఆయన పేరియ్యడానికి ఆఫీసుకు పోతే, ప్యాకింగుకు మనుషులు నిండిపోయారన్నారు.

తిరుగు బస్సులో శ్రీనివాసప్పే మాట కదిపాడు.

"చట్టం ఉండాదని చదివినోడివి నువ్వే. నువ్వెందుకు పేరిస్తివప్పా?"

"భయమాయె అన్నా."

"అట్ల భయపడితే ఎట్లప్పా" అని ఆయన సుంకన్న భుజం తట్టాడు. తిట్టినా బాగుండేది.

"అన్నా, ఆ చట్టం..."

"అదే అడగల్లనుకుంటాండా. ఆ పుస్తకం ఇట్లియ్యి. అక్షరం మా కన్నడం మాదిరే కదా, ఇంట్లో నిదానంగా కూడబలుక్కుంటా. చట్టం పేరు రాసుకోని రేపు లేబరు ఆఫీసుకు పోతా."

చెయ్యి చాచాడు. ఇప్పుడు చెప్పేయాలి. సుంకన్న చెయ్యి మాత్రం సంచిలోకి పోయి పత్రిక తీసి ఇచ్చింది.

మారతహళ్ళిలో శ్రీనివాసప్ప పత్రికను చొక్కా లోపల దోపుకుని, "వస్తానప్పా" అని దిగాడు. జనంలో కలిసేదాకా ఆయన వీపు కనబడింది. రేపట్నుంచి ఆయన ఈ బస్సు ఎక్కడు. సుంకన్న ఫోను తీశాడు, నంబరు చూశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

ముందు సీటు కమ్మీకి ఆయన క్యారియరు సంచి అలాగే వేలాడుతోంది. బస్సు కుదిపినప్పుడల్లా లోపల ఖాళీ గిన్నెలో చెంచా చప్పుడు చేస్తోంది.