చేతికెక్కిన చెప్పు

నేను ఒక చెప్పును. ఎడమకాలి దాన్ని. పేరులోనే ‘చెప్పు’ ఉంది గానీ ఇన్నాళ్లూ నన్ను చెప్పమని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను. ఒకటి ముందే అనేస్తున్నాను: నేను కుళ్లుబోతుదాన్ని.

పాత లారీ టైరు నా అడుగు, దున్నపోతు తోలు నా పట్టీలు. మాదిగపల్లెలో ఏలియా నన్నూ నా జోడునూ కుట్టి, కూతురు దీనమ్మ ముందు పడేసి, “రాళ్లమీద నడువు, ముళ్లమీద నడువు, ఏం గాదు” అన్నాడు. అబద్ధమేమీ ఆడలేదు. రాళ్లూ ముళ్లూ అన్నాడు గానీ పెద్దబజారు మాట ఎత్తలేదు.

మిరపచేలకు పోవాలన్నా బస్సెక్కాలన్నా పెద్దబజారు దాటాలి. దాని మొదట్లో ఒక కరెంటు స్తంభం. అక్కడికి రాగానే దీనమ్మ వంగేది, మమ్మల్ని విప్పి కొంగు చాటున పట్టుకునేది, వట్టికాళ్లతో బజారు దాటి మళ్లీ తొడుక్కునేది. మాదిగపల్లె మనుషులకు ఊరు పెట్టిన కట్టుబాటు అది. మనుషులంతా సమానమని దేశానికి రాసుకున్న పెద్ద పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం కూడా స్తంభం దగ్గరే ఆగిపోయినట్టుంది.

చెప్పు చేతికొస్తే ఎదుటివాడు జడవాలి. నేను చేతికొస్తే నన్ను పట్టుకున్న మనిషే జడిసేది.

ఎండాకాలంలో తారు మరిగేది. ఆమె పాదాలు కాలుతుంటే నేను కొంగు నీడన ఊరేగేదాన్ని. ఛీ, అదీ ఒక బతుకేనా! కింద పెద్దరైతు చెంచురామయ్య కిర్రుచెప్పులు కిర్రుకిర్రుమంటూ పోయేవి. వాటినీ ఏలియానే కుట్టాడు. ఒకే చేతిలో పుట్టి, అవి నేలమీద, నేను గాల్లో! వాటికంటిన పేడను చూసినా నాకు కడుపు మండేది. బజారు కుక్క నాలుగు కాళ్లూ నేలమీదే పెట్టి తిరిగేది, దాన్నెవరూ ఆపలేదు. కుక్కను చూసి కుళ్లుకున్న చెప్పును మీరెక్కడన్నా చూశారా?

ఒకసారి దీనమ్మ చీర కొనుక్కోవడానికి టౌనుకు పోయింది. ఒక ఇంటి అరుగుమీద తెల్లపంచె, మీసాల పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు. అంతే, వంగి మమ్మల్ని విప్పేసింది. ఆ మనిషి ఎవరో, ఏ కులమో ఆమెకు తెలియదు. అతను తలెత్తి చూడను కూడా లేదు. నడుముకు అలవాటైపోయింది.

పక్కన జామకాయల బండి ముసలామె చూసింది. “ఏమ్మా, తెగిందా?”

దీనమ్మ తడబడింది. “ఆఁ... తెగిందమ్మా.”

“ఏదీ, ఇటియ్యి, పిన్నీసు పెడతా.” ముసలామె నన్ను లాక్కుని అటూ ఇటూ తిప్పింది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఉక్కులాగుంటే తెగిందంటావేంది? చెప్పులు కాళ్లకేసుకుంటారా, చంకలో పెట్టుకుంటారా?”

దీనమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. బస్సులో దారిపొడుగునా నా పట్టీని వేళ్లతో తడుముతూనే ఉంది.

సాయంత్రం స్తంభం దగ్గర ఆగింది. నడుము సగం వంగింది. వంగకే తల్లీ, వంగకే అని నేను లోపల్లోపల అరిచాను. ఆమె నిటారుగా లేచి నడిచింది. ఆ తారుమీద నాకది మొదటి అడుగు!

అరుగుమీద నుంచి చెంచురామయ్య కేకేశాడు. “ఏమే దీనా! కాళ్లకు చెప్పులున్నయ్యేంది?”

“ఉన్నయ్ అయ్యా. తెగలేదుగా, చేత్తో మొయ్యటమెందుకని.”

“చెప్పు తెగలేదు గానీ నువ్వు తెగించావే!”

“ఆఁ, తెగించా.” అడుగు ఆపకుండానే అంది.

ఆయన కిర్రుచెప్పులు అరుగు కింద పడున్నాయి. అవి ఆగి ఉండగా నేను నడిచాను.

ఆ ఏడు ఊళ్లో ఆమెను మిరపకోతకు ఎవరూ పిలవలేదు. పక్కూరికి పోయి కోసుకొచ్చింది. రోజూ అదే బజారున, చెప్పులతోనే. కొన్నాళ్లకు వెనక ఇంకో జత చప్పుడు వినిపించింది, తర్వాత మరికొన్ని. ఎవరూ దయతలచి దారి ఇవ్వలేదు. నడిచారు, అంతే.

ఇప్పుడు నిజంగానే తెగాను. ఏలియా ఇంటి వెనక తోలుముక్కల కుప్పలో పడి ఉన్నాను. ఇక్కణ్ణించి బజారు మొదట్లోని ఆ స్తంభం కనిపిస్తుంది. దీనమ్మ కొత్త నీలం చెప్పులు రోజూ అటే పోతాయి. చేతికెక్కడమంటే ఏమిటో వాటికి తెలియదు. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. మండనీ. వాటికి అది ఉత్త కరెంటు స్తంభం.