కుళ్ళుబోతు దువ్వెన

నేను ఒక కొమ్ము దువ్వెనను. ఆ బుధవారం పొద్దున హైమావతి గడపలో కూర్చుని, రోజూలాగే నా పళ్ళ సందుల్లో కుట్టుదారం లాగుతూ మురికి తీస్తోంది. దారం ఒక్కో సందులోకి దిగి, నిన్నటి నూనెజిడ్డును వెంటబెట్టుకుని పైకి వస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. నాకు ఒక పన్ను విరిగింది. ఆ చోటికి వచ్చినప్పుడు ఆమె వేలు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు. సగం పళ్ళు అలాగే వదిలేసి, నన్ను గూట్లో పెట్టి, చీర మార్చుకుని బజారుకు వెళ్ళిపోయింది. తల కూడా దువ్వుకోలేదు.

పదమూడేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక నాటు గేదె నెత్తిన కొమ్మునై ఉండేదాన్ని. గేదె పాలిచ్చినన్నాళ్ళూ పండగకు నాకు రంగు పూశారు. పాలు ఆగిపోయాక నేనెక్కడున్నానో ఎవరూ చూడలేదు. చివరికి మస్తాను తాత చేతికి చిక్కాను. ఆయన నన్ను కోసి, బొగ్గుల సెగ మీద పట్టి, మెత్తబడగానే రెండు చెక్కల మధ్య బిగించి వంకర తీశాడు. "సెగ ఎక్కువైతే కొమ్ము బుడిపెలు కట్టి చిట్లిపోద్ది. తక్కువైతే మళ్ళీ వంకరపోద్ది. కంటితో కాదయ్యా, ముక్కుతో చూసుకోవాల," అనేవాడు పని చూడవచ్చిన వాళ్ళతో. ఆయన ముక్కు పుణ్యమా అని నేను సాఫీగా తేలాను. కొమ్మూ వెంట్రుకా ఒక జాతివే కదా. అందుకే సెగ ఎక్కువైన వాసన ఈనాటికీ నాకు ఇట్టే తెలిసిపోతుంది.

తిరునాళ్ళలో వజ్రమ్మ నన్ను కొన్నది. చీరాల పక్కన నేతపేట ఆమెది. పెద్దకొడుకు పెళ్ళయ్యాక కోడలు హైమావతి తల చూసి, "ఈ పిల్ల జుట్టుకి ప్లాస్టిక్ దువ్వెనలు ఆగవమ్మా," అని నన్ను ఆమె చేతిలో పెట్టింది. నిజమే. ఉంగరాల జుట్టు, నడుం దాటిన జుట్టు. ఒక్కో చిక్కు దగ్గర ఆగి, బతిమాలి, విడిపించి ముందుకు పోవాలి. ఆ అడవిలో దారులన్నీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని నాకు గర్వం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, కుళ్ళు కూడా. ఆమె తలలో పూలు పెట్టుకున్నా నాకు నచ్చేది కాదు.

ఆమెకూ ఒక కుళ్ళు ఉంది. తోడికోడలు పావని జుట్టు మీద. పావని తల పట్టుదారం పోగులాగా నిలువుగా జారుతుంది. దువ్వుకున్నా దువ్వుకోకపోయినా ఒకటే.

ఆ వారం నేతసంఘం వాళ్ళు కొత్త చీరలకు ఫోటోలు తీయిస్తున్నారు. హైమావతి, ఆమె మొగుడు నలభై రోజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసిన చీర అందులో మొదటి బొమ్మకు ఎంపికయింది. ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు. సంఘం ఆయన ఇంటికి వచ్చి చెప్పాడు. "నువ్వే కట్టుకోవాల, ఎనక నుంచి తీస్తారమ్మా. జడ నున్నంగా, నిలువుగా పడాల. నీ ఉంగరాల జుట్టయితే అంచంతా కప్పేసిద్ది. ఆదివారం పది గంటలకి. లేదంటే మీ పావనమ్మ కట్టుకున్నా సరిపోద్ది."

పావని వెంటనే అంది, "నాకేం, కట్టుకుంటా. చీర అదేగా అక్కా."

హైమావతి నవ్వింది. ఆ రాత్రి నా పళ్ళు ఆమె మాడుకు గీరుకునేలా దువ్వుకుంది.

బుధవారం సాయంత్రం ఆమె బజారు నుంచి తిరిగి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. పార్లరు స్వరూప ఆమె తలకు స్మూతనింగ్ చేసింది. ఏదో క్రీము పూసి, ఇస్త్రీ పట్టకారుతో పాయపాయకూ వంకర తీసిందట. జుట్టు చీరలాగా మెరుస్తూ, గాలికి కదులుతూ ఉంది. ఒక్క ఉంగరం లేదు. పదమూడేళ్ళు నేను బతిమాలిన చిక్కుల్ని ఒక ఇనుప పట్టకారు మూడు గంటల్లో లేకుండా చేసింది. పైగా మూడు రోజులు తడపకూడదు, నూనె రాయకూడదు, జడ వేయకూడదు, వాళ్ళిచ్చిన ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన తప్ప మరొకటి తాకకూడదు. ఆ ఎర్రదాన్ని నా గూట్లోనే, నా పక్కనే పెట్టింది. నేను ముఖం తిప్పుకోలేను కదా. పడి ఉన్నాను.

గురువారం మధ్యాహ్నానికే కొసలు లేచి నిలబడ్డాయి. శుక్రవారం పొద్దున తల చీపురుకట్టలాగా ఉంది. వజ్రమ్మ వంటింట్లోంచి వచ్చి, ఒక పాయ వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది గంజి లేని పడుగమ్మాయ్. పట్టుకుంటే తెగేట్టుంది."

"తడపొద్దన్నారత్తా."

"నూలు గురించి నాకు తెలవదా? నలభై ఏళ్ళు పడుగులకి గంజి బెట్టినదాన్ని. కూర్చో."

మా పేటలో పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, వీధిలో బారుగా సాగదీసి, పల్చటి గంజిలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి పూస్తూ కుంచెతో దువ్వుతారు. అప్పుడే నూలుకు బలం. వజ్రమ్మ కోడలి తలకూ అదే చేసింది. ఎర్రదాన్ని పక్కకు నెట్టి నన్ను తీసింది. నాకు పట్టలేనంత సంతోషం. మొదటి పాయలో దిగాను.

అప్పుడు తెలిసింది నాకు ఆ వాసన. సెగ ఎక్కువైనప్పుడు మస్తాను తాత ముక్కు చిట్లించే వాసన. గంజి తగలకముందే, లోపలే, వెంట్రుక మాడిపోయి ఉంది. కొసలకు ఆవగింజలో సగం ఉండే బుడిపెలు. నేను ఎంత నెమ్మదిగా నడిచినా పోగులు పోగులుగా తెగి నా పళ్ళలో ఇరుక్కున్నాయి. నడుం దాటిన జుట్టు భుజాల కిందికి వచ్చి ఆగింది.

నిజం చెప్పాలి. హైమావతి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నప్పుడు నాకు మొదట కలిగింది జాలి కాదు. ఇనుప పట్టకారు ఓడిపోయిందన్న ఆనందం.

ఆ సాయంత్రం ఆమె నన్ను, నా పళ్ళలోని వెంట్రుకలతో సహా కాగితంలో చుట్టి పార్లరుకు తీసుకుపోయింది. సాక్ష్యానికి. నా శత్రువును, ఆ పట్టకారును, అప్పుడు కళ్ళారా చూశాను. అద్దం ముందు నల్లగా, నాజూగ్గా, ఎర్ర దీపం వెలిగించుకుని కూర్చుని ఉంది.

బుధవారం హైమావతిని 'అక్కా' అని పిలిచిందట స్వరూప. ఇప్పుడు 'మేడమ్' అంది.

"మేడమ్, మా చేతిలో ఇప్పటికి రెండొందల తలలు అయ్యాయి. ఒక్కరూ ఇట్టా రాలేదు."

"నా తలే మొదటిది అనుకో. క్రీము పూసి ఫోను పట్టుకుని మేడ మీదకి పోయావు. మాడు మంటగా ఉంది, రా తల్లీ అని పిలిచా. నువ్వొచ్చేసరికి పక్క కుర్చీలో ఇద్దరికి కనుబొమలు అయిపోయినయి."

"రెండు నిమిషాలు మాట్లాడా. అంతే."

"సరే. నాకు డబ్బులు ఎనక్కి వద్దు. ఎల్లుండి పదింటికి నా చీర మీద నా జడ పడాల. అది నువ్వు తెచ్చియ్యి."

స్వరూప చేతులు తుడుచుకుని పొట్లాన్ని దగ్గరికి లాక్కుంది. తరువాత అడిగింది, "ఇంటికెళ్ళాక తలకి ఏమన్నా రాశారా?"

"ఏం రాయలా."

స్వరూప కాగితం విప్పి, నన్ను ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండిన గంజి నా విరిగిన పన్ను దగ్గర తెల్లగా పట్టి ఉంది.

"గంజి వాసనొస్తంది మేడమ్. కొబ్బరినూనె కూడా. తల తడపొద్దని ఎన్నిసార్లు చెప్పా?"

పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె నవ్వింది. "తలకి గంజి పెట్టుకుందా? ఇస్త్రీ చేయించింది కదా, గంజి పెడితే ఇంకా బిర్రుగా ఉంటదనుకుంది పాపం."

హైమావతి చెవులు ఎర్రబడ్డాయి. సాక్ష్యం చెప్పడానికి వచ్చినదాన్ని ఆమె మీదే సాక్షినయ్యాను. గంజి కంటే ముందే మాడిందని తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. నాకు నోరుంటే చెప్పేదాన్నా అని ఆ తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆ పట్టకారు తప్పు బయటపడాలని చెప్పేదాన్నేమో. ఆమె కోసం చెప్పేదాన్నని మాత్రం ఒట్టు వేయలేను.

ఆమె నన్ను మాత్రం తీసుకుని వచ్చేసింది. రాలిన వెంట్రుకల కాగితం అక్కడి బల్ల మీదే మరిచిపోయింది.

శనివారం ఇంట్లో మగ్గం ఆడలేదు. సాయంత్రం పావని ఆ చీరను పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచి, అంచు సరిచూసుకుంది.

"అక్కా, రేపు నేనే కట్టుకోనా మరి?"

"కట్టుకో. జాగర్త, కొంగు దగ్గర పోగు సున్నితంగా ఉంటది," అంది హైమావతి. తలకు పాత తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆ మాటకు ఆమె ఎంత బలం కూడదీసుకుందో, గొంతు విన్న నాకు తెలుసు. ఒకరి జుట్టు మీద మరొకరికి కుళ్ళు ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరు?

ఆదివారం ఎనిమిది గంటలకు స్వరూప వచ్చింది. చేతిలో ఒక సంచి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. తనే వచ్చింది.

"ఎందుకొచ్చావు? వంటింట్లో గంజి ఉంది, వాసన చూసి పోతావా?" అంది హైమావతి.

"కూర్చో అక్కా. టైము లేదు," అని స్వరూప పీట వాల్చింది. మళ్ళీ 'అక్కా' అయింది. సంచిలోంచి తీసిన వస్తువుల మధ్య మేం మరిచిపోయిన కాగితం పొట్లం కూడా ఉంది. విప్పి, మళ్ళీ మడిచిన గుర్తులు దాని మీద ఉన్నాయి. గంజికి వెంట్రుక అతుక్కుంటుంది గాని కొసలకు బుడిపెలు కట్టదు. ఆ సంగతి ఆమె ఎప్పుడో ఒకప్పుడు, ఆ రెండు రోజుల్లో, ఒంటరిగా చూసుకుని ఉండాలి.

తన దువ్వెనతో మొదలుపెట్టింది. వెంట్రుకలు పటపట తెగాయి. ఆగి, అటూ ఇటూ చూసి, గూట్లోంచి నన్ను తీసుకుంది. గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, కొంగుతో తుడిచింది. మనుషులు మాడు దగ్గర మొదలుపెట్టి కిందికి లాగుతారు. ఆమె కొస దగ్గర మొదలుపెట్టి, వేలెడు విడిపించి, ఇంకో వేలెడు పైకి పోయింది. ఒక్క పోగు కూడా తెగలేదు. నా జన్మలో నన్నలా పట్టుకున్న చెయ్యి లేదు.

తరువాత సంచిలోంచి సవరం తీసింది. పొడుగ్గా, నున్నగా ఉన్న పరాయి జుట్టు. హైమావతి పీట మీంచి లేవబోయింది.

"ఎవరిదో జుట్టు తగిలించుకుని నా చీరకి నేను ఫోటో దిగాలా? పావనే నయం."

వజ్రమ్మ గుమ్మంలోంచి అంది, "కూర్చోవే. మగ్గం మీద పాత పడుగు అయిపోతే ఏం చేస్తాం? కొత్త పోగు తెచ్చి, పాత పోగుతో మెలేసి అతుకుతాం. ఆ చీర అట్టా పుట్టిందే. అప్పుడు చీర పరాయిదయిందా?"

హైమావతి కూర్చుంది. స్వరూప మూడు పాయల్లో సవరాన్ని కలిపి, అతుకు ఎక్కడో తెలియకుండా అల్లింది. జడ నిలువుగా, నడుం దాటి పడింది. పావని అంతసేపూ తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి వెళ్ళి చీర తెచ్చింది.

"లే అక్కా. కుచ్చిళ్ళు నేను పడతా. నువ్వు పెడితే ఒకటి పైకి, ఒకటి కిందకి."

"నీ కట్టు తెలీదా నాకు," అంది హైమావతి. కానీ లేచి నిలబడింది.

పది కావస్తోంది. హైమావతి రెండద్దాల మధ్య నిలబడి తన వీపు తానే చూసుకుంది. మెరూన్ అంచు పక్కగా జడ సరిగ్గా ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగి, మెల్లగా అడిగింది.

"ఒక్కమాట చెప్పు స్వరూపా. నా జుట్టు పోయింది గంజికేనా?"

స్వరూప నా విరిగిన పన్ను సందులో కడిగినా పోకుండా మిగిలిన రెండు వెంట్రుకలు తీసింది. వెలుతురుకు పట్టి కొసలు చూసింది. వాటిని చెత్తలో వేయకుండా పొట్లంలో పెట్టి, పొట్లం సంచిలో పెట్టింది. నన్ను హైమావతి చేతికి ఇచ్చింది. ఆ సంచి అడుగున ఒక ప్లాస్టిక్ దువ్వెన ఉంది. రేపు, ఎల్లుండి, రోజూ స్వరూప చేతిలో అదే ఉంటుంది. దాన్ని తలుచుకుని నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

గది అంతా ఆమె జవాబు కోసం చూస్తోంది. స్వరూప సంచి భుజాన వేసుకుంది. చెప్పులు తొడుక్కుని, తల వంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.