రెండో సంతకం

"సంతకం పెట్టమ్మా! నీ మూలాన పొద్దున్నించీ కోత మెషీన్ ఆపించాను," అని యజమాని మళ్ళీ అరిచాడు.

కోత బల్ల మీద నాసిరకం గుడ్డ పరిచింది పరిచినట్టే ఉంది. భోజనాల వేళ అయినా కుట్టు పనివాళ్ళెవరూ కదల్లేదు. గోడనున్న తెర మీద, వీడియో కాల్‌లో, సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దమనిషి ఓపిగ్గా నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

ఆ చొక్కాల షాపులో కోత పని వదినా ఆడపడుచులిద్దరిదీ. యజమాని అరుస్తున్నది ఆడపడుచు మీద. చొక్కా ముక్కల్ని గుడ్డ మీద ఎలా పరిస్తే వృథా తగ్గుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చనీ, బాగుచేసి తిరిగి పంపవచ్చనీ దాని కంపెనీ చెబితే నమ్మి, వదిన తంటాలుపడి ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. మొదట చేసింది చిన్న సవరణ. అంగుళాల్లో చూపే కొలతలు సెంటీమీటర్లలో కూడా చూపించడం, అంతే. దాన్ని పంపబోతే ఒక ఒప్పందం అడ్డం వచ్చింది. పొయ్యి మీద కూర మాడుతోంది. 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేసింది. ఇకమీదట ఆ సాఫ్ట్‌వేర్‌కు ఆమె రాయబోయేవి కూడా కంపెనీ సొత్తేనని అందులో ఉంది. చదివే తీరిక ఇలాంటి వాళ్ళకు ఉండదని దాన్ని రాసినవాళ్ళకు బాగా తెలుసు.

ఆ తర్వాత వదిన ఎన్నో మెరుగులు రాసి పంపింది. అలా పంపినవాళ్ళందరి హక్కులూ గుప్పిట్లోకి వచ్చాక కంపెనీ కొత్త వెర్షన్‌కు తాళం వేసి అమ్మకానికి పెట్టింది. ఎదురు వీధిలోని పెద్ద ఫ్యాక్టరీ కొనుక్కుంది. వదిన రాసినదానితోనే గుడ్డ కోసి, వదిన షాపు ఆర్డర్లు ఎగరేసుకుపోయింది. ఈ దోపిడీకి కంపెనీ పెట్టుకున్న పేరు సమష్టి కృషి.

ఇప్పుడు వాళ్ళ కన్ను కొత్త భాగం మీద పడింది. మచ్చలూ చిరుగులూ తప్పించి ముక్కలు పరిచే భాగం అది. వదినా ఆడపడుచూ కలిసి రాశారు. వదిన వాటా పాత ఒప్పందంలోనే పోయింది. ఆడపడుచు సంతకం లేనిదే కంపెనీ దాన్ని అమ్ముకోలేదు.

"పేరు మీదే ఉంటుంది మేడమ్. హక్కు ఒక్కటే మాకు రాసిస్తారు," అన్నాడు పెద్దమనిషి.

"మా వదిన పేరు కూడా ఉందిగా మీరు తాళం వేసిన కొత్త వెర్షన్‌లో. ఆ కొత్తది మా వదినకి తెరుచుకుంటుందా?" అని ఆడపడుచు అడిగింది.

"లైసెన్స్ కొనుక్కుంటే తెరుచుకుంటుంది."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. యజమాని కళ్ళెర్రజేశాడు.

"మన షాపుకి ఊరికే ఇస్తామంటున్నారు, ఇంకేం కావాలి నీకు? పెట్టనంటే రేపట్నించి రావద్దు. ఇద్దరూ!"

ఇద్దరూ అన్న మాటకు వదిన గబగబా ముందుకు వచ్చింది. ఇల్లు నడిచేది ఆ రెండు జీతాల మీదే. ఆమె ఆడపడుచు చేతిని పట్టుకుని బతిమాలింది.

"పెట్టేయవే. పిల్లల మొహం చూసైనా పెట్టేయ్. పోతే పోనీ."

"అప్పుడు నువ్వు నొక్కుతుంటే పక్కనే ఉన్నాను వదినా. కూర మాడిపోతోంది, తొందరగా కానీయమన్నది నేనే." ఆడపడుచు చెయ్యి విడిపించుకుంది. "ఇవాళ కూరేం మాడట్లేదు."

తెర వైపు తిరిగింది.

"ఎవరికైనా ఊరికే ఇస్తాం, మీక్కూడా ఇస్తాం. తాళం వెయ్యబోమని మీరు రాసివ్వండి. సంతకం మీరు పెట్టండి. నేను పెట్టను."

పెద్దమనిషి నవ్వు ఆగిపోయింది. "ఆలోచించుకోండి," అని తెర మీంచి తప్పుకున్నాడు. యజమాని విసురుగా వెళ్ళి కోత మెషీన్ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆడపడుచు సొరుగులోంచి పాత కత్తెర తీసింది. బల్ల దగ్గరికి వచ్చి గుడ్డ అంచు పట్టుకుంది. ఒక్కతే పట్టుకుంటే గుడ్డ జారిపోతోంది.

వదిన కళ్ళు తుడుచుకుంది. తర్వాత బల్ల అవతలికి నడిచి రెండో కొస పట్టుకుంది.