మామయ్య మాటకు వేగం

గొంతు ఆపరేషన్ అయ్యాక మా మామయ్యకు మాట పోయింది. పాత వీడియోల్లోంచి ఆయన మాటలు ఏరి, అచ్చం ఆయన గొంతుతోనే పలికే ప్రోగ్రామ్ ఒకటి హాల్లోని కంప్యూటర్లో పెట్టించాం. ఆయన టైపు చేస్తే అది పలుకుతుంది. కాకపోతే ఎంత తాపీగా పలుకుతుందంటే, ఈలోగా మేం నాలుగు విషయాలు దాటిపోతాం.

మామయ్య ముక్తసరి మనిషైతే సర్దుకుపోయేవాళ్లం. ఆయన నోరు తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. ఇప్పుడు ఆయన విసురు వచ్చేసరికి, అది ఏ మాటకు జవాబో ఆ మాట అన్నవాళ్లకే గుర్తుండేది కాదు. మర్యాదకు నవ్వేవాళ్లం. అది మర్యాద నవ్వని ఆయన కనిపెట్టేశారు. మెల్లగా టైపు చేయడమే మానేశారు. మనిషి ఎదురుగా ఉండగానే ఇల్లు బోసిపోయింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరిమీద మండాలో తెలియక అందరిమీదా విరుచుకుపడేదాన్ని.

ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. గేములాడేవాళ్లకు కంప్యూటర్లు బిగించడం ఆమె పని. "ప్రాసెసర్‌ని మామూలు కంటే కాస్త వేగంగా పరిగెత్తించొచ్చు వదినా. ఓవర్‌క్లాక్ చేద్దాం" అంది.

అత్తయ్య బెంబేలెత్తిపోయారు. "కాలిపోతే? ఉన్న ఆ కాస్త గొంతూ పోతుందే!"

"అందుకే ముందు నాన్న గొంతు వేరే డిస్కులో దాచేస్తానమ్మా. ఒక్కో మెట్టే ఎక్కుదాం. తట్టుకోకపోతే దిగిపోదాం. వోల్టేజీ జోలికి అస్సలు పోను, సరేనా?"

కాపీ అయ్యాక ప్రాసెసర్ వేడి ఎంతుందో చూసి బిత్తరపోయింది. ఇంకా దేన్నీ ముట్టుకోకముందే అంకె హద్దుకు ఆనుకుని ఎర్రగా వెలుగుతోంది.

"అన్నయ్యా, దీన్ని ఎవరు బిగించారు?"

"నేనే" అన్నారు మా ఆయన గర్వంగా.

ఆమె కరెంటు తీసి, చల్లారనిచ్చి, ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసే కూలర్‌ని విప్పి తిరగేసింది. లోహపు అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. బిగించే ముందు ఈ కవరు ఒలిచేయండి అని దానిమీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను మాత్రం ప్రాసెసర్‌నే చూస్తూ ఉండిపోయాను. బిస్కెట్ ముక్కంత ఉంది. "మరి ఇన్నాళ్లూ ఎలా కాలిపోలేదు?"

"వేడి మితిమీరినప్పుడల్లా తన వేగం తనే తగ్గించుకుంటుంది వదినా. అలా ఉడుకుతూనే నాన్న మాటలన్నీ పలికింది, పాపం."

మొద్దు పెట్టె అని మేం నోరారా తిట్టిన వస్తువు, ఊపిరాడని చోట కూర్చుని కూడా ఆయన మాట ఒక్కటి వదల్లేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

కవరు ఒలిచి, వేడిని కూలర్‌కు అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి కూలర్ బిగించింది. ఆన్ చేయగానే వేడి సగానికి పడిపోయింది. అప్పుడు మొదలుపెట్టింది అసలు పని. ఒక మెట్టు వేగం పెంచడం, ప్రాసెసర్ చేత గొడ్డుచాకిరీ చేయించి చూడటం, మళ్లీ ఒక మెట్టు. ఒకచోట తెర బిగుసుకుపోయింది. అత్తయ్య కెవ్వుమన్నారు.

ఆడపడుచు తొణకలేదు. తిరిగి ఆన్ చేసి రెండు మెట్లు దిగింది. "ఒకటి దిగితే చాలు. కానీ అంచు మీద నిలబెట్టకూడదమ్మా" అంది. అక్కడ ఉంచి గంటలకొద్దీ పరీక్షించింది. వేడి మళ్లీ హద్దు దరిదాపులకు రాలేదు. మామయ్య మాత్రం కీబోర్డు ఒళ్లో పడేసుకుని కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. ఆయనకు ఆశ లేదని తెలుస్తూనే ఉంది.

నేను మా ఆయన్ని పట్టుకున్నాను. "చదువు రాదా మీకు? అంతంత అక్షరాలు కళ్లకు ఆనలేదా? మీ చేతి పని మీద ఆ నమ్మకమేంటి అసలు? ఇన్నాళ్లూ ఆయన్ని మీరే..."

"ఆగు కోడలా." మామయ్య గొంతు! "వాణ్ణి కూడా మేం కవరు తీయకుండానే నీకిచ్చాం."

నా తిట్టు సగంలోనే ఉంది. ఆయన వేళ్లు ఎప్పుడు కదిలాయో నేను చూడనేలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు.

అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ, "ఇచ్చింది మీరు. నన్నొక్క మాట అడిగారా?" అని లేచారు.

"అడిగితే నువ్వు వదిలేదానివా?"

"అదిగో, ఎప్పుడూ నన్నే..."

"ఎప్పుడూ నువ్వే కాబట్టి."

వాళ్లు పోట్లాడుకుంటున్నారు. మేం ముగ్గురం గుడ్లప్పగించి వింటున్నాం. మామయ్య ఆమెను ఒక్క మాట కూడా పూర్తి చేయనివ్వడం లేదు.