ఈకలు పొలుసులైన చోట

ఆ ఫొటో స్టూడియోలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మచ్చలక్క. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని జనం మొహాల మీద మొటిమలు తుడిచింది, బట్టతలల మీద మెరుపు తగ్గించింది, గ్రూపు ఫొటోలో సరిగ్గా ఆ క్షణానే కళ్ళు మూసుకున్న పెద్దమనుషుల చేత కళ్ళు తెరిపించింది. ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద ఆమె పని వేలాడుతోంది. ఆ సంగతి ఆ ఇళ్ళవాళ్ళకే తెలియదు. తెలిసిందంటే పని చెడిందని మచ్చలక్క లెక్క. "అతుకు కనబడిందా, అది నా చేతి పని కాదు" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా లేచేది.

ఆ మెడ వంచడానికే అన్నట్టు ఇంట్లో అత్తగారు ఉంది. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. బడి వదిలింది కానీ ఎర్ర పెన్ను వదల్లేదు. పేపర్లో అచ్చుతప్పు కనబడితే సున్నా చుట్టి పక్కన పెడుతుంది. ఎవరికీ నూటికి నూరు వేసి ఎరగదు. కన్నకొడుకుని కూడా తొంభై రెండు దగ్గర ఆపేసిందట, అక్షరాలు బాగోలేదని. కోడలితో ఆమెకున్న పేచీ ఒక్కటే.

"ఇరవై రెండేళ్ళు చేశానంటావు. ఏం చేశావో చూపించమంటే లేనివన్నీ చూపిస్తావు. ఇక్కడ మచ్చ లేదు, ఇక్కడ ముడత లేదు. లేనిదానికి నేను మార్కులెలా వెయ్యనమ్మాయ్?"

మచ్చలక్క నవ్వేసి ఊరుకునేది. కానీ ఆ మాట లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయేది.

అలాంటి రోజుల్లో పిల్లల కళ్ళ డాక్టరు స్టూడియోకి వచ్చింది. కుర్చీ లాక్కుని నేరుగా విషయంలోకి దిగింది.

"పిల్లల కళ్ళు పరీక్ష చెయ్యాలంటే వాళ్ళు ఎదురుగోడ మీద ఒకే బొమ్మని ఒక నిమిషం పాటు చూడాలండి. ఏనుగుని పెడితే 'ఏనుగు' అనేసి వాళ్ళమ్మ వైపు తిరిగిపోతున్నారు. సింహమైనా అంతే. తెలిసిన జంతువు రెండు సెకన్ల కంటే నిలబడదు. మూడు నాలుగు జంతువుల్ని కలిపి తెలియని జంతువుని చెయ్యగలరా? భయపెట్టకూడదు. బొమ్మలా కాదు, నిజంగా ఉన్నట్టే ఉండాలి."

ముందు ఒక్కటి చేసి చూపించాలి. నిలబడితే ఆస్పత్రిలో ఆరు గదులకీ ఆరు. లేకపోతే ఏదో ఒక కంపెనీ కార్టూన్ పోస్టర్లు తెచ్చి అంటించేస్తారు. డాక్టరు వెళ్ళాక మచ్చలక్క చాలాసేపు మౌస్ ముట్టుకోలేదు. ఇన్నేళ్ళలో ఏదైనా తీసెయ్యమని కాకుండా, ఏదైనా పెట్టమని అడిగింది ఈమె ఒక్కతే. ఆ పని తనకే దక్కాలని ఆమెకి ఎంత గట్టిగా అనిపించిందంటే, ఆ ఆశ చూసి ఆమెకే సిగ్గేసింది.

ఎనిమిది రోజులు కష్టపడింది. మేక మొహం, లేడి మెడ, దూడ నడుం. ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిచి, అంచులు మెత్తగా చెరిపి, వెంట్రుక వెంట్రుకనీ దువ్వినట్టు ఒకే వాలుకి తెచ్చింది. రంగు ఎక్కడ మారిందో తెలియకుండా చేసింది. స్టూడియో ఓనరు కళ్ళజోడు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ జరిపి చూసి, అతుకు దొరక్క ఓడిపోయానన్నాడు. ఆ సాయంత్రం ఆమె నేల మీద నడవలేదు.

ఆస్పత్రిలో పసుప్పచ్చ స్వెట్టరు వేసుకున్న నాలుగేళ్ళవాడిని కుర్చీలో కూర్చోబెట్టారు. వాడు పరీక్ష యంత్రం మీద గడ్డం ఆనించి గోడ వైపు చూశాడు.

"మేక," అన్నాడు. అని, వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

మూడు సెకన్లు. డాక్టరు మర్యాదగా నవ్వి, ఇంకొక్కటి ప్రయత్నించమంది. అదే ఆఖరుదని ఆమె అనలేదు కానీ, బల్ల మీద పోస్టర్ల కేటలాగు తెరిచే ఉంది.

ఇంటికొచ్చి బొమ్మని సోఫాలో పడేసి మచ్చలక్క వంటగదిలోకి పోయింది. అత్తగారు అది చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"మేకని బాగానే తీశారు. ఇందులో నువ్వు చేసిందేముంది?"

"అది మేక కాదత్తయ్యా. మూడు జంతువులు."

"ఏవీ?"

మచ్చలక్క వచ్చి వేలుపెట్టి చూపించింది. చూపించిన చోటల్లా అత్తగారు వెతికి, బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది.

"జవాబొక్కటే ఉంచి, లెక్క చేసిన దారంతా చెరిపేశావు. మా క్లాసులో అయితే సగం మార్కులు కోసేదాన్ని. పాపం పసివాడు మాత్రం ఏం చూస్తాడు? చూడ్డానికి నువ్వేమైనా మిగిల్చావా?"

మచ్చలక్కకి ఒళ్ళు మండింది. గిన్నెలు తోమితే ఆ చప్పుడు పక్కింటికి వినబడింది. మూడో గిన్నె దగ్గర చెయ్యి ఆగిపోయింది. నిజమే. దొరికిపోతానేమోనని ఇన్నేళ్ళూ పెద్దవాళ్ళ దగ్గర దాచినట్టే పిల్లవాడి దగ్గరా దాచింది. వాడు పట్టుకోవడానికి వచ్చినవాడు కాదు, చూడ్డానికి వచ్చినవాడు. మాట అత్తగారిదైనంత మాత్రాన అబద్ధం కాదుగా.

మర్నాడు స్టూడియోకి ముందుగా బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మం దగ్గరే అడిగింది. "మళ్ళీ మొదలుపెట్టావా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"ఐదు కావాలన్నా పెడతానత్తయ్యా. ఇప్పుడదే నా పని."

ఈసారి గుడ్లగూబ మొహం తీసుకుంది. మెడ దిగాక చేప. నడుం దాటాక ఉడుత. అంచులు చెరపలేదు. మెడ దగ్గర మొదటి వరసలో నిండు ఈకలు పెట్టింది. రెండో వరసలో ఈక కొస కాస్త గుండ్రమైంది. మూడో వరసలో తడి మెరుపు వచ్చింది. అలా ఒక్కో వరసా మార్చుకుంటూ పోతే, ఏడో వరసలో ఉన్నది ఈకో పొలుసో చేసిన ఆమెకే తెలియలేదు. ఆ వరసని అలాగే ఉంచేసింది. నడుం దగ్గర పొలుసుల సందుల్లోంచి ఒకటీ అరా వెంట్రుకలు మొలిపించి, చివరికి కుచ్చుతోక దాకా తీసుకెళ్ళింది.

ఒక్క చిక్కు మిగిలింది. చేప మీద వెలుతురు కుడివైపు నుంచి పడుతోంది, గుడ్లగూబ కంట్లో మాత్రం కిటికీ మెరుపు ఎడమవైపు ఉంది. అలా వదిలేస్తే ఆ జంతువు ఇంకెక్కడికో చూస్తున్నట్టుంటుంది. ఆవగింజంత మెరుపు, అటు నుంచి ఇటు మార్చడానికి పూటంతా పట్టింది. ఇదొక్కటీ ఎవరికీ తెలియకూడదు. ఇరవై రెండేళ్ళ బుద్ధి ఒక్క వారంలో పోతుందా?

ఆస్పత్రికి అత్తగారు కూడా వచ్చింది. కళ్ళజోడు మార్చుకోవాలట, ఈ రోజే గుర్తొచ్చిందట.

మళ్ళీ అదే పిల్లవాడు, అదే పసుప్పచ్చ స్వెట్టరు. గడ్డం ఆనించాడు. నోరు తెరిచాడు, ఏదో అనబోయి మూసుకున్నాడు. డాక్టరు ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. మచ్చలక్క చీరకొంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"అయిపోయింది కన్నా. లేవొచ్చు."

వాడు లేవలేదు. "పిట్ట ఎక్కడ అయిపోయింది?" అని అడిగాడు, గోడ మీంచి కళ్ళు తిప్పకుండా.

తప్పు పట్టడానికి కాకుండా, తెలుసుకోవాలని తన పని గురించి తనని ఒక మనిషి ప్రశ్న అడగడం మచ్చలక్కకి అదే మొదలు. "నువ్వే వెతుక్కోవాలి నాన్నా," అంది. ఆ గదిలో ఆ క్షణాన తనంత గొప్పది ఇంకెవరూ లేరనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గుపడలేదు.

రెండు నిమిషాల పది సెకన్లు. డాక్టరు కేటలాగు మూసేసి, మిగతా ఐదూ ఎప్పటికిస్తారని అడిగింది.

అప్పటిదాకా గోడవార నిలబడ్డ అత్తగారు ముందుకొచ్చింది. "నా కళ్ళు కూడా ఇక్కడే చూడమ్మా," అంది. అది పిల్లల గది అని డాక్టరు చెబుతుండగానే ఆ చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చుని గడ్డం ఆనించేసింది. చేసేదిలేక డాక్టరు నవ్వుకుంటూ దీపం వెలిగించింది.

అత్తగారి పెదాలు మెల్లగా కదులుతున్నాయి. వరసలు లెక్కపెడుతోందని మచ్చలక్కకి అర్థమైంది. ఏడో వరస దగ్గర పెదాలు ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాయి. డాక్టరు రెండు కళ్ళూ చూసి దీపం ఆర్పింది.

"అయిపోయిందమ్మా, ఇక లేవొచ్చు."

"ఆగమ్మా," అంది అత్తగారు, తల కదపకుండా. "మా కోడలు లెక్క దారంతా రాసింది. నేనింకా తోక దాకా రాలేదు."