చుక్క చెరగని బొమ్మ

రెండువేల రెండులో హరిణి ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన పిల్ల. ముళబాగిలు వైపు పల్లెల్లో పెట్టే కంటి శిబిరాల్లో తీసే ఫొటోలను ఫోను లైను మీద నగరంలోని డాక్టరుకు చేర్చే ప్రోగ్రాం ఆమెకిచ్చిన మొదటి పని. షుగరున్నవాళ్ల కంటి లోపలి పొరను ఫొటో తీస్తారు. చికిత్స అవసరమో కాదో డాక్టరు దాన్ని చూసి చెబుతుంది.

పల్లె లైను నత్తనడక. అందుకని హరిణి ఫొటోలను జేపెగ్ అనే పద్ధతిలో బాగా కుదించింది. బొమ్మ చిటికెలో వచ్చి తెర మీద నిలిచేసరికి మేనేజరు ఫిలిప్ సంబరపడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టర్ మార్త మాత్రం తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. "ఇది ఎర్ర చుక్కా, ఉత్త మరకా? జబ్బు మొదట్లో ఆ చుక్కలు సూదిమొనంతే ఉంటాయమ్మా. అవే కనబడకపోతే నేను చూసేదేముంది?"

హరిణితో వచ్చిన టీం లీడరు కరుణ కూడా ఆ మాటలు వింది. ఆఫీసుకు వచ్చాక అసలు ఫొటోను, కుదించినదాన్ని పక్కపక్కన పెట్టి పెద్దవి చేసింది. అసలుదాంట్లో ఉన్న చుక్కలు రెండోదాంట్లో మసక గళ్లలో కలిసిపోయాయి.

"జేపెగ్‌ది తప్పు కాదు హరిణీ. మన కంటికి ఆనని వివరం తీసేసి సైజు తగ్గిస్తుంది. పెళ్లి ఫొటోలకైతే బంగారం. ఇక్కడ డాక్టరుగారికి కావలసిందే ఆ వివరం."

"అయితే పీఎన్‌జీ పెడదామా అక్కా? దాంట్లో ఏమీ పోదు. కానీ ఫైలు శానా పెద్దదవుతాది."

ఫిలిప్ అడ్డుపడ్డాడు. "అంతసేపు ఆవిడ ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చోవాలా?"

కరుణ ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. బొమ్మలు తెరవడానికి అప్పటిదాకా వాడుతున్న లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడు, రకరకాల ఫైళ్లు తెరిచేది కానీ, ఫైలు మొత్తం అందేదాకా ఏమీ చూపించేది కాదు. మనమే ఒకటి రాసుకుందామంది హరిణి, ఉత్సాహంగా.

"ఇన్నాళ్లుగా ఎంతోమంది సరిదిద్దిన కోడు ఉచితంగా దొరుకుతుంటే, మనం కొత్తగా తప్పులు చేయడమెందుకు?" అని కరుణ పీఎన్‌జీ కోసమే రాసిన లైబ్రరీని దించి, దాని మాన్యువల్ చదవడానికి కూర్చుంది. అదే మాన్యువల్‌ను హరిణి తనకు కావలసిన ఉదాహరణ దొరకగానే మూసేసింది. కరుణ చివరిదాకా చదివింది. ఫైలు ముక్కలుగా వస్తున్నప్పుడే బొమ్మ గీసే దారి అందులో ఉంది. ఫొటోను ఒక ప్రత్యేక పద్ధతిలో సేవ్ చేస్తే ముందు బొమ్మంతా ముతకగా కనబడి, డేటా వచ్చేకొద్దీ తేటపడుతుంది. ఫైలు ఇంకాస్త పెరుగుతుంది, అయినా ఫరవాలేదనుకుంది కరుణ. ఒక మనిషి ఇంత నింపాదిగా, ఇంత దూరం ఆలోచించగలదా అని హరిణి ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

ప్రోగ్రాంను అలాగే మార్చి, తరువాతి శిబిరానికి ఇద్దరూ వెళ్లారు. గంగమ్మ అనే పెద్దావిడ స్టూలు మీద కూర్చుంది. ఫొటో తీసి పంపడం మొదలుపెట్టగానే మాట్లాడటానికి ఉంచిన రెండో లైనులో ఫోను మోగింది.

"సగం చీకటిగా ఉంది, మళ్లీ తియ్యండి," అంది మార్త. ముతక బొమ్మలోనే ఆమెకు ఆ సంగతి తెలిసిపోయింది. గంగమ్మ ఇంకా స్టూలు దిగనే లేదు.

రెండో ఫొటో మెల్లగా తేటపడుతుంటే గంగమ్మ తెర వైపు వంగింది. "ఇది నా కన్నేనామ్మా? పొద్దు మునిగేటప్పటి ఆకాశం మాదిరి ఉండాదే!"

కరుణ ఆమె పక్కన కూర్చుని, రక్తనాళాలు ఎక్కడున్నాయో వేలితో చూపిస్తూ చెప్పింది. బొమ్మ పూర్తయ్యాక మళ్లీ ఫోను మోగింది. చూపుకు కీలకమైన చోటే చుక్కలున్నాయని, చూపు తగ్గకముందే దొరికాయని, వచ్చే వారం లేజరు చికిత్సకు తీసుకురమ్మని మార్త చెప్పింది.

ఆ చికిత్సతో గంగమ్మ చూపు నిలిచింది. ఆస్పత్రివాళ్లు మిగతా శిబిరాలకూ ఆ ప్రోగ్రామే అడిగారు. ఆ ఏడే మహదేవపురలోని ఒక పెద్ద కంపెనీ హరిణిని ఉద్యోగానికి పిలిచింది. "కరుణక్క దగ్గర నేర్చుకునేది ఇంకా శానా ఉండాది," అని ఇంట్లో చెప్పి, ఆమె వెళ్లలేదు.